ఒక బెల్టు సాగినంత మాత్రాన

పాత వస్తువును బాగుచేసుకొని వాడుకొనుట మన ఇండ్లలో కొత్త విద్య కాదు. టేప్ రికార్డరు పాటను సాగదీసి పాడినప్పుడు దానిని చంకన బెట్టుకొని వీధి చివరి మెకానిక్కు దగ్గరకు నడిచిన తరం ఇంకా మన మధ్యనే ఉన్నది. అయితే కంప్యూటరు మాట రాగానే మనలో అనేకులు వెనుకంజ వేస్తారు. అది మూసి ఉంచిన పెట్టె అనీ, దానిలో చేయి పెట్టుట మనవంటివారి పని కాదనీ ఒక భయం పాతుకొనిపోయినది. ఆ భయం సరియైనది కాదని చెప్పుటకు ఒక పాత యంత్రాన్ని ఉదాహరణగా తీసుకొంటున్నాము.

1984లో బ్రిటన్‌లో ఆమ్‌స్ట్రాడ్ సంస్థ సి.పి.సి. 464 అను గృహ కంప్యూటరును విడుదల చేసింది. జెడ్80 జాతి ప్రాసెసరు, 64 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, కీబోర్డుకు కుడి ప్రక్కన అదే పెట్టెలో బిగించిన క్యాసెట్ యంత్రం దాని ప్రధాన అంగాలు. అంతకు ముందు అనేక గృహ కంప్యూటర్లకు క్యాసెట్ రికార్డరును విడిగా కొని, తీగలతో కలిపి, శబ్దం హెచ్చుతగ్గులు సరిచూసుకొనవలసి వచ్చేది. ఆ శ్రమ దీనితో తప్పింది. ఫ్లాపీ డిస్కులు ఖరీదుగా ఉన్న ఆ రోజులలో, ఒక బాలుడు వారాల తరబడి కూర్చుని వ్రాసుకొన్న ప్రోగ్రాము నిలువవలసిన చోటు ఆ క్యాసెట్టే. కరెంటు తీయగానే కంప్యూటరు ఆ ప్రోగ్రామును మరచిపోయేది. గుర్తుంచుకొన్నది టేపు ఒక్కటే.

నిజానికి ఆ టేపు పుట్టినది లెక్కల కొరకు కాదు. 1963లో ఫిలిప్స్ సంస్థలో లూ ఒటెన్స్ నాయకత్వాన రూపొందిన ఆ క్యాసెట్టు మాటలను, పాటలను పట్టుకొనుటకు వచ్చినది. కంప్యూటరు తన సున్నలను, ఒకట్లను శబ్దంగా మార్చి దానికి అప్పగించేది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. ఈ యంత్రం సెకనుకు సుమారు 1,000 బిట్లు గాని, 2,000 బిట్లు గాని వ్రాస్తుంది. వేగవంతమైన పద్ధతిలో ఒక్కొక్క బిట్టుకు దక్కే చోటు మిల్లీమీటరులో దాదాపు నలభయ్యో వంతు. అంత సూక్ష్మమైన వ్రాత చదువబడుట ఒక రబ్బరు బెల్టు మీద ఆధారపడి ఉన్నదంటే నమ్మశక్యం కాదు; కాని సత్యమదే.

మోటారు తిరుగుతుంది. బెల్టు ఆ చలనాన్ని బరువైన చక్రానికి అందిస్తుంది. ఆ చక్రపు ఇరుసైన సన్నని ఉక్కు కడ్డీ, దానికి ఆనుకొన్న రబ్బరు రోలరు కలిసి టేపును ఒకే వేగంతో లాగుతాయి. రబ్బరుకు వయస్సు ఉన్నది. నలభై యేండ్లలో అది సాగవచ్చు, గట్టిపడవచ్చు, లేదా తారువలె కరగి చక్రానికి అంటుకొనవచ్చు. అది ఒక సంస్థ దోషం కాదు, పదార్థ స్వభావం. ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. ప్రతి భాగానికి ముందు టేపు మీద ఒకే తీరున సాగే స్వరం ఉంటుంది. కంప్యూటరు ముందుగా ఆ స్వరాన్ని కొలిచి, వ్రాత ఏ వేగాన ఉన్నదో తానే గ్రహిస్తుంది. కనుక వేగం కొంచెం తగ్గినా అది సర్దుకొంటుంది. నిలకడ తప్పితే మాత్రం సర్దుకొనలేదు. సాగిన బెల్టు చెరిచేది ఆ నిలకడనే. అప్పుడు తెర మీద చదువుటలో దోషమున్నదని ఒక చిన్న పంక్తి కనిపిస్తుంది. దానిని చూచి యంత్రం చచ్చిపోయినదని పలువురు తీర్మానిస్తారు. చచ్చినది యంత్రం కాదు, బెల్టు!

బాగుచేయు పద్ధతి కష్టసాధ్యమైనది కాదు. ఈ కంప్యూటరుకు కావలసిన 5 వోల్టుల కరెంటు మానిటరు నుండి వస్తుంది. మానిటరును మాత్రం తెరువరాదు. పిక్చర్ ట్యూబులో ప్రాణాపాయకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు. తీగలన్నీ ఊడదీసి కీబోర్డు పెట్టెను విప్పాలి. కరగిన రబ్బరును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన దూదితో పూర్తిగా తుడవాలి. అదే కొలత గల కొత్త బెల్టు వేయాలి. కాగితాలకు చుట్టే రబ్బరు బ్యాండు పనికిరాదు. దాని మందం అంతటా ఒకటిగా ఉండదు, దానితో నిలకడ రాదు. హెడ్డును, ఉక్కు కడ్డీని, రోలరును శుభ్రం చేయాలి. ఆపైన పోయినా ఫరవాలేదనుకొన్న టేపునే మొదట ఆడించి చూడాలి. చుట్టుకొనే వైపు చక్రం తిరుగకుంటే, కడ్డీ లాగిన టేపు పోవుటకు దారిలేక లోపలనే చిక్కుపడిపోతుంది. దాచుకొనదగిన టేపు వెనుక అంచున ఉన్న చిన్న పలుకులను ముందే విరిచివేస్తే పొరపాటున దాని మీద మరొకటి రికార్డు కాదు.

ఇంతవరకు చేతిపని. వివేకం అవసరమైనది తరువాతి మెట్టులో. హెడ్డు ప్రక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. దానిని త్రిప్పితే టేపుకు హెడ్డు నిలిచే కోణం మారుతుంది. కొత్తగా రిపేరు నేర్చినవారు ఉత్సాహంతో దానిని ప్రమాణానికి తెచ్చివేస్తారు. కాని ఆ ఇంటి బాలుడు తన ప్రోగ్రామును వ్రాసుకొన్న నాడు హెడ్డు కొంచెం వాలి ఉన్నదనుకొందాము. ఆ వ్రాత కూడా అంతే వాలి ఉంటుంది. యంత్రాన్ని సరిచేసిన మరుక్షణం ఆ టేపు మూగబోవచ్చు. అందుచేత ముందు పాత స్థానాన్ని గుర్తు పెట్టుకొనాలి. పాత టేపులను చదివించి, వాటి ప్రతులను భద్రపరచాలి. ఆ తరువాతనే సవరణ. తాళపత్రాన్ని చదువబూనినవాడు లేఖకుని చేతివాటాన్ని మొదట గ్రహిస్తాడు. కాతిబు వ్రాసిన నస్తాలీఖ్ పంక్తిని చదివేవాడూ అంతే. అక్షరం వంకరగా ఉన్నదని ఆకును దిద్దడు. తన చూపును దిద్దుకొంటాడు. బాగుచేయుట అంటే మన ప్రమాణాన్ని పాతదాని మీద రుద్దుట కాదు, ముందు దాని మాట వినుట అని మా అభిప్రాయం.

ఒక ఆక్షేపణ రావచ్చు. ఆ పాత కంప్యూటరును అనుకరించే ప్రోగ్రాములు నేటి యంత్రాలలో చక్కగా నడుస్తున్నవి. ఆనాటి ఆటల ప్రతులు ఎందరో దాచి ఉంచినారు. ఇక ఈ ప్రయాస ఎందుకని అడుగవచ్చు. ప్రశ్న సహేతుకమైనదే. వేల సంఖ్యలో అమ్ముడుపోయిన ఆట ఒక టేపు చెడినంత మాత్రాన నశించదు. కాని ఇంటిలో వ్రాసుకొన్న ప్రోగ్రాముకు రెండవ ప్రతి ఎక్కడ ఉన్నది? టేపు మీదనున్నది శబ్దమే కనుక మంచి టేప్ రికార్డరు ఏదైనా దానిని వినగలదన్నది నిజమే. అయితే వాలిన హెడ్డుతో వ్రాసిన టేపు, వ్రాసిన యంత్రం దగ్గరనే సులభంగా నోరు విప్పుతుంది. ఆ యంత్రాన్ని పారవేసినవాడు తాళం చెవిని పారవేసి పెట్టెను దాచుకొన్నవానితో సమానుడు.

ఈ సంగతి ఒక్క కంప్యూటరుతో ఆగదు. గల్ఫ్ నుండి వచ్చిన టేప్ రికార్డర్లలో మన పెద్దల గొంతులు, పెండ్లి పాటలు, ముషాయిరాలు, హరికథలు ఎన్నో నిక్షిప్తమైనవి. ఆ క్యాసెట్లు బీరువాలలో ఉన్నవి. వాటిని పలికించే యంత్రాలు అటకెక్కినవి. ఆ యంత్రాలను బాగుచేసే చేతులు తగ్గిపోతున్నవి. వీటిలో మొదట పోయేది చేతివిద్యే. అది పోతే తక్కిన రెండూ ఉండీ లేనట్లే.

కావున కళాశాలల భౌతికశాస్త్ర, ఎలక్ట్రానిక్స్ విభాగాలు పాత క్యాసెట్ యంత్రాన్ని ఒకటి బల్ల మీద ఉంచి, విద్యార్థుల చేత విప్పించి, మరల బిగింపజేయాలని మా విన్నపం. ఘర్షణ, జడత్వం, అయస్కాంతత్వం, సంకేతాల మార్పు, ఈ పాఠాలన్నీ ఆ చిన్న యంత్రంలోనే ఉన్నవి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఒక స్క్రూడ్రైవరు, కొంత దూది, ఒక కొత్త బెల్టు, తొందరపడని మనస్సు ఉంటే చాలు. ఇందులో మొదటి మూడు బజారులో దొరుకుతాయి. నాల్గవదానిని అలవరచవలసినది విద్యాలయమే.