రొట్టె ఈస్టు చెప్పిన సంగతి



మణికొండలో మేమొక తల్లిని కలిసికొంటిమి. ఆమె పదేండ్ల కుమారుడు నడకలో తూలుచుండెను. బడిలో పరిహాసము, ఇంట పెద్దలు కోడలి కడుపునే నిందించుచుండిరి. వైద్యులు దానిని ఫ్రీడ్రిక్ అటాక్సియా యని తేల్చిరి. ఆమెకు చెప్పిన మాటలనే ఇచ్చట వ్రాయుచున్నాము.

మన శరీర కణములలో మైటోకాండ్రియా లను సూక్ష్మభాగములు గలవు. ఆహారమునుండి శక్తిని దీయునవి ఇవియే. ఆ శక్తిని మోయు ఏ.టీ.పీ. అను పదార్థమును 1929లో కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. మైటోకాండ్రియాలలో ఇనుమును అదుపున నుంచుటకు ఫ్రటాక్సిన్ అను మాంసకృత్తు వలయును. ఈ వ్యాధిగల బిడ్డలలో అది చాలినంత తయారు కాదు. దాని జన్యువు 1996లో తెలిసినది.

రొట్టెను పొంగించు ఈస్టునందును ఇట్టి మాంసకృత్తే గలదు. 1997లో దానిని తొలగించి చూడగా, మైటోకాండ్రియాలలో ఇనుము పేరుకొని ఈస్టు శ్వాసక్రియ చెడెను. 2000 సంవత్సరమున అమెరికాలో గ్రాజియా ఇసాయా అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును ఆ లోటున మనుష్య ఫ్రటాక్సిన్‌ను నిలిపిరి. ఇనుము పేరుకొనుట ఆగినది. ఎంతో దూరపు జీవియైనను మన మాంసకృత్తు దాని యింట పనిచేసినది! ఇందువలన రోగుల జన్యువులోని మార్పులను బిడ్డకు హాని లేకయే ఈస్టునందు పరీక్షింప వీలు గలిగినది. మణికొండకు చేరువనే, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును ఈస్టు మైటోకాండ్రియాలపై పరిశోధనలు జరిగినవి.

ఇక గృహమునకు వత్తము. ఈ వ్యాధి సాధారణముగా 5 మొదలు 15 ఏండ్ల ప్రాయమున పొడసూపును. తూలు బిడ్డను “చూచి నడువలేవా” యని గద్దింపక, నరముల వైద్యునికి చూపవలయును. గుండెను గూడ పరీక్షింపించవలయును. లోపముగల జన్యువు తల్లినుండియు, తండ్రినుండియు రెండును వచ్చిననే వ్యాధి కలుగును. కావున ఒక్క తల్లిని నిందించుట అన్యాయము. అట్టి దంపతులకు ప్రతి కాన్పునను నాలుగింట ఒక పాలు ఈ భయము గలదు. మేనరికములలో ఇట్టి కలయిక హెచ్చు. వంశమున వ్యాధి యున్నచో ముందుగా వైద్యసలహా పొందుట మేలు. 2023లో అమెరికాలో 16 ఏండ్లు నిండినవారికొక మందు అనుమతింపబడినది. అది వ్యాధిని కొంత మందగింపజేయునే గాని మాన్పదు.

మందు మాన్పలేని చోటనైనను నింద మానుట మన చేతిలోనిదే గదా!