గేటు లోపల ఆగిన బండికి మీటరు ఎందుకు తిరగాలి?

మొన్న సంక్రాంతికి పామర్రు వెళ్లాను. ఇంటి గేటు పక్కన, కొబ్బరిచెట్టు కింద, పరదా కప్పిన నాన్న బండి ఎప్పట్లాగే ఉంది. 2007లో కొన్న స్ప్లెండర్ అది. నన్ను ఇంటర్‌లో చేర్చడానికి గుడివాడ తీసుకెళ్లింది దాని మీదే. మోకాళ్ల నొప్పులొచ్చాక నాన్న గేర్లు లేని స్కూటర్ కొనుక్కున్నారు. అప్పట్నుంచి ఇది చెట్టు కిందే.

'నాన్నా, దీని ఆర్సీ ఎప్పటిదాకా ఉంది?' అని అడిగా.

'ఏమోరా, బీరువాలో ఉంటుంది చూడు. తిప్పని బండికి ఆర్సీ ఎందుకూ?' అన్నారు.

తీసి చూస్తే 2022 సెప్టెంబర్‌తోనే గడువు తీరిపోయింది. ఫోన్ తీసి లెక్క వేశాను. పదిహేనేళ్లు దాటిన టూవీలర్‌కి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 1,000 రూపాయలు. 2022 ఏప్రిల్ ముందు వరకూ ఇది 300 ఉండేది. అసలు దెబ్బ అది కాదు, ఆలస్య రుసుము. అదే ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం గడువు తీరాక ప్రతి నెలకీ టూవీలర్‌కి 300, కారుకి 500 కట్టాలి. నలభై నెలలకి 12,000. ఫీజుతో కలిపి 13,000. గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ అదనం. మెకానిక్‌ని అడిగితే 'బండి అమ్మితే ఏడు వేలొస్తే గొప్ప తమ్ముడూ' అన్నాడు.

అంటే కదలకుండా నిలబడ్డ బండి తన ధర కంటే ఎక్కువ బాకీ పడింది. ఉద్యోగాల కోసం హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోయిన మనలో చాలామంది ఇళ్ల ముందు ఇలాంటి బండి ఒకటి ఉండే ఉంటుంది. అందుకే ఈ వ్యాసం.

ఇంట్లో ఉంచుకోవడం నేరమా?

కాదు. ఇది చాలామందికి తెలీదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 39వ సెక్షన్ రిజిస్ట్రేషన్ లేని బండిని 'నడపకూడదు' అంటుంది. యజమాని వేరేవాళ్లకిచ్చి నడపనివ్వకూడదు అని కూడా అంటుంది. ఉంచుకోకూడదు అని అనలేదు. అయితే ఒక మెలిక ఉంది. 'బహిరంగ ప్రదేశంలో గానీ, మరే ఇతర ప్రదేశంలో గానీ' నడపకూడదన్నది చట్టం మాట. కాబట్టి 'మా పొలం గట్టు మీదేగా, మా వెంచర్‌లోనేగా' అన్న వాదన కుదరదు.

గడువు తీరిన ఆర్సీ ఉన్న బండి కూడా రిజిస్ట్రేషన్ లేనిదాని కిందే లెక్క. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 52వది ఆ మాట సూటిగా చెబుతుంది. రోడ్డెక్కి దొరికితే చట్టంలో మొదటిసారికి 5,000 దాకా జరిమానా రాసి ఉంది. ఇన్సూరెన్స్ లేకపోతే 2,000 వేరే, జైలుకి కూడా అవకాశం ఉంది. ఊరికే చెట్టు కింద ఉంటే ఇవేవీ వర్తించవు.

గేటు దాటితే మాత్రం కథ మారుతుంది. మన ఊళ్లల్లో లోపల చోటు చాలక పాత బండిని వీధిలోకి నెట్టేసి, డ్రైనేజీ పక్కన వదిలేయడం మామూలే. 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో పది గంటలకు మించి వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించేయొచ్చు. ఆ తరలింపు ఖర్చు కూడా యజమానిదే. దారికి అడ్డమైతే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 దాకా జరిమానా పడొచ్చు. ఆ టైర్లలో నిలిచిన వాన నీళ్లలో డెంగీ దోమ పెరిగితే బాధపడేది వీధంతా. శుక్రవారం డ్రైడే అని కుండీలు ఖాళీ చేయించే మనం ఈ టైర్ల వంక చూడం.

కాటాకి వేసేస్తే పోలా?

'ఇనప సామాన్ల వాడికి ఇచ్చేయరా, పీడా పోతుంది' అన్నారు పక్కింటి బాబాయ్. అక్కడే పప్పులో కాలేస్తాం. బండి పోతుంది, నంబర్ పోదు. ప్రభుత్వ రికార్డులో అది ఇంకా నాన్న పేరు మీదే ఉంటుంది. ఆ నంబర్ ప్లేటు ఇంకో బండికి తగిలించి ఎవడన్నా ఏదన్నా చేస్తే ముందు తలుపు కొట్టేది మా ఇంటికే.

పేరు మార్చకుండా అమ్మేసినా అంతే. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేంటంటే, చేతులు ఎన్ని మారినా ప్రమాద పరిహారం విషయంలో రికార్డులో ఎవరి పేరుందో వాళ్లే యజమాని. ఆ కేసులో కారు వరసగా పలువురి చేతులు మారింది. బాధ్యత మాత్రం మొదట అమ్మినాయన మీదే పడింది. స్నేహితుడికి 'వాడుకోరా' అని తాళాలిచ్చి వెళ్లినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

సక్రమమైన దారులు రెండున్నాయి. బండి ఇక శాశ్వతంగా పనికిరాదంటే 55వ సెక్షన్ కింద 14 రోజుల్లో రవాణా శాఖకి చెప్పి, ఆర్సీ ఇచ్చేసి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. లేదంటే 2021 నిబంధనల కింద గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి అప్పజెప్పాలి. వాళ్లిచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ చూపిస్తే కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. పన్నులోనూ సొంత వాహనాలకి 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది.

మరి మా బండి సంగతి? భోగి రోజు పొద్దున ప్లగ్ మార్చి, కొత్త పెట్రోల్ పోసి కిక్ కొట్టా. నాలుగో కిక్‌కి స్టార్ట్ అయింది. నాన్న మొహం చూడాలి! ఇప్పుడు 'శాశ్వతంగా పనికిరాదు' అని సంతకం పెడితే అబద్ధం. స్క్రాప్‌కి ఇద్దామంటే నాన్న ఒప్పుకోరు. రెన్యువల్‌కి 13,000 కట్టి మళ్లీ చెట్టు కిందే పెట్టడం తెలివితక్కువ పని. మన చట్టానికి తెలిసిన బండ్లు రెండే రకాలు. తిరిగేది, చచ్చిపోయింది. మధ్యలో ఆగి ఉన్న బండికి అందులో చోటు లేదు.

విశాఖ యార్డు చెప్పిన పాఠం

2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు మన రాష్ట్రానికి సంబంధించిన ఒక తీర్పు ఇచ్చింది. విశాఖ ఉక్కు కర్మాగారం యార్డులో సరుకు తరలించే కాంట్రాక్టు తీసుకున్న తారాచంద్ లాజిస్టిక్ అనే సంస్థ 36 బండ్లను ఆ ప్రహరీ లోపలే తిప్పింది. రోడ్డెక్కని ఆ బండ్లకి కట్టిన 22,71,700 రూపాయల పన్ను వెనక్కివ్వమని కోర్టుకెళ్లింది. హైకోర్టు సింగిల్ జడ్జి ఇవ్వమన్నారు, డివిజన్ బెంచ్ వద్దంది, చివరికి సుప్రీంకోర్టు సంస్థ పక్షానే నిలిచింది. 1963 నాటి ఆంధ్రప్రదేశ్ పన్ను చట్టం పన్ను వేసేది బహిరంగ ప్రదేశంలో వాడే, లేదా వాడటానికి ఉంచిన బండ్ల మీద. రోడ్డు వాడని బండికి రోడ్డు భారం మోపడం సరికాదన్నది తీర్పు సారాంశం.

అది పన్ను, మనది ఆలస్య రుసుము. రెండూ ఒకటేనని నేననడం లేదు. కానీ తర్కం మాత్రం ఒకటే కదా? ప్రహరీ లోపల రోజంతా తిరిగే లారీకే భారం వద్దన్నప్పుడు, ప్రహరీ లోపల కదలని స్ప్లెండర్‌కి నెలకి 300 చొప్పున మీటరు ఎందుకు తిరగాలి?

దీనికి పరిష్కారం కనిపెట్టాల్సిన పనేం లేదు. మూడు నెలలకోసారి పన్ను కట్టే లారీల్లాంటి బండ్లకు 'రాబోయే త్రైమాసికం తిప్పను' అని ముందే రాసిచ్చే పద్ధతి మన రాష్ట్ర నిబంధనల్లోనే ఉంది. బ్రిటన్‌లో అయితే ఇది ప్రతి సొంత బండికీ ఉంది. 'రోడ్డెక్కించను' అని ఉచితంగా ప్రకటించి ఇంట్లో పెట్టుకోవచ్చు. ప్రకటించకుండా పన్ను ఎగ్గొడితే జరిమానా. అమెరికాలో ఇది ఊరి స్థాయి వ్యవహారం. మసాచుసెట్స్‌లో చాలా ఊళ్లల్లో రిజిస్ట్రేషన్ లేని కారు ఇంటికి ఒకటే అంటారు, అదీ బయటికి కనబడకుండా. పరిశుభ్రత కోసం మనకీ ఏదో ఒకరోజు అలాంటి నియమం రావచ్చు. అప్పుడు కూడా ముందుగా కావాల్సింది 'ఆగి ఉంది' అని చెప్పుకునే వీలే.

'అలా ప్రకటించి దొంగతనంగా తిప్పితే?' అంటారు. న్యాయమైన ప్రశ్నే. సాఫ్ట్‌వేర్ పని చేసేవాడిగా నా జవాబు ఇది. ఇప్పటికే కెమెరా నంబర్ ప్లేటు చదివి ఈ-చలానా పంపుతోంది. రికార్డులో 'వాడకంలో లేదు' అనే ఇంకో స్టేటస్ చేరిస్తే, ఆ బండి విజయవాడ బెంజ్ సర్కిల్‌లో కనబడిన మరుక్షణం దొరుకుతుంది. అలా దొరికినవాళ్లకి ఆలస్య రుసుమంతా జరిమానాతో కలిపి వసూలు చేయండి, అభ్యంతరం లేదు. ఇప్పుడు మాత్రం తప్పు చేసినవాడూ, చెట్టు కింద పెట్టుకున్నవాడూ ఒకే గాటన పడుతున్నారు. బాకీ పెరిగేకొద్దీ జనం సక్రమ దారి వదిలేసి కాటా కొట్టు దారి పడతారు. ఆ నష్టం రికార్డులకే.

ఇంకో కోరిక. స్క్రాపింగ్ కేంద్రం దాకా చచ్చిన బండిని ఆటో ట్రాలీలో వేసుకెళ్లడం మామూలు కుటుంబానికి తలకు మించిన ఖర్చు. ఏడాదికోసారి మండల కేంద్రానికే వచ్చి, అక్కడే కాగితాలు చూసి బండ్లు తీసుకెళ్తే పామర్రులాంటి ఊళ్లల్లో సగం వీధులు ఖాళీ అవుతాయి.

అప్పటిదాకా మీరు చేయగలిగింది

ఈసారి ఊరెళ్లినప్పుడు బీరువాలో ఆర్సీ తీసి గడువు తేదీ చూడండి. గడువుకు 60 రోజుల ముందు నుంచే రెన్యువల్‌కి దరఖాస్తు చేయొచ్చు. ఒకసారి చేస్తే ఐదేళ్లు. బండి ఇరవై ఏళ్లు దాటితే టూవీలర్‌కి 2,000, కారుకి 10,000 అని 2025 ఆగస్టులో ఫీజులు పెంచారు, కాబట్టి నాన్చకండి. ఎవరికైనా ఇచ్చేస్తే పేరు మారిందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో మీరే చూసుకోండి. పనికిరాదనుకుంటే రద్దు కాగితం చేతికొచ్చేదాకా నంబర్ ప్లేటు వదలకండి.

మా ఇంట్లో ఇంకా ఏమీ తేలలేదు. నాన్న బండిని తుడిచి మళ్లీ పరదా కప్పారు. నేను హైదరాబాద్ బస్సెక్కేటప్పుడు 'ఆ పదమూడు వేలు ఏదో ఒకటి చెయ్యరా' అన్నారు. ఫిబ్రవరి వస్తే అది పదమూడు వేల మూడొందలు.