స్కోరుబోర్డులో కనపడని పేరు

2025 ఫిబ్రవరి 2, ఆదివారం. కువాలా సెలంగోర్ నుంచి పిల్లల్ని కారెక్కించుకుని క్లాంగ్‌లోని బయూమాస్ ఓవల్‌కి బయల్దేరాం. అండర్-19 మహిళల టీ20 ప్రపంచ కప్ ఫైనల్ మన గుమ్మం ముందుకొస్తే ఇంట్లో కూర్చుంటామా! భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 3 వికెట్లు తీసి, ఆపైన 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది. దక్షిణాఫ్రికా 82కే ఆలౌట్. మనం 9 వికెట్ల తేడాతో గెలిచాం. అరిచి అరిచి అందరి గొంతులూ పోయాయి.

తిరిగి వస్తుంటే మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఆడింది అక్కావాళ్లు కదా, మరి కోచ్ ఏం చేసినట్టు?"

జవాబుగా సికింద్రాబాద్ పూర్ణిమా రావు కథ చెప్పాను. ఈసారి మీకూ అదే.

1967లో పుట్టిన పూర్ణిమ ఆఫ్ స్పిన్ వేసే ఆల్‌రౌండర్. భారత్ తరఫున 5 టెస్టులు, 33 వన్డేలు ఆడారు. 1995లో జట్టు కెప్టెన్. అప్పటికింకా మహిళల క్రికెట్ బీసీసీఐ గొడుగు కిందికి రాలేదు. అది 2006లో జరిగింది. పేపర్లో నాలుగు లైన్లు వస్తే అదే గొప్ప. ఆ ఏడాది నవంబర్‌లో జంషెడ్‌పూర్‌లో ఇంగ్లాండ్‌తో టెస్టు. నీతూ డేవిడ్ ఒకే ఇన్నింగ్స్‌లో 53 పరుగులిచ్చి 8 వికెట్లు తీసింది. అయినా మనవాళ్లు ఓడిపోయారు. ఎన్ని పరుగులతో? రెండంటే రెండు!

ఎయిరిండియా జట్టులో పూర్ణిమ లాంటి సీనియర్ల పక్కన ఆడుతూ ఎదిగిన అమ్మాయి మిథాలీ రాజ్. కాలం తిరిగి, మిథాలీ భారత కెప్టెన్‌గా ఉన్నప్పుడు పూర్ణిమ కోచ్ అయ్యారు. 2016 జనవరిలో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే టీ20 సిరీస్‌లో 2-1తో ఓడించారు. అన్నీ గెలుపులే అనుకోకండి, మార్చిలో మన దేశంలోనే జరిగిన టీ20 ప్రపంచ కప్‌లో లీగ్ దశ కూడా దాటలేదు. మళ్లీ డిసెంబర్‌లో బ్యాంకాక్‌లో ఆసియా కప్ గెలిచారు. 2017 ఫిబ్రవరిలో కొలంబో వెళ్లి వన్డే ప్రపంచ కప్‌కి అర్హత సంపాదించారు. ఆ క్వాలిఫయర్ ఫైనల్లో చివరి 2 బంతుల్లో 8 పరుగులు కావాలి. చేతిలో ఒకటే వికెట్. హర్మన్‌ప్రీత్ ఒక సిక్సర్ కొట్టి, ఆఖరి బంతికి రెండు పరుగులు తీసి గెలిపించింది.

ఏప్రిల్‌లో బోర్డు కోచ్‌ని మార్చింది. పూర్ణిమ స్థానంలో తుషార్ అరోఠే వచ్చారు. జూలై 23న లార్డ్స్‌లో ఫైనల్. స్టేడియం కిక్కిరిసింది, ఇండియాలో ఇంటింటా టీవీల ముందు జనం. 3 వికెట్లకు 191తో ఉన్న మనవాళ్లు 219కే ఆలౌటై 9 పరుగులతో ఓడిపోయారు. ఓడినా ఆ అమ్మాయిల పేర్లు దేశమంతా తెలిసిపోయాయి.

జట్టును అక్కడిదాకా నడిపిన ఘనత అరోఠేది, కాదనలేం. కానీ ఆ జట్టులో చాలామంది అంతకుముందు రెండేళ్లూ పూర్ణిమ దగ్గర రాటుదేలినవాళ్లే. మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పాలా? ఏడాది పాటు రాత్రింబగళ్లు పనిచేసిన ప్రాజెక్టును, గో-లైవ్‌కి రెండు వారాల ముందు ఇంకొకరికి అప్పజెప్పి రావడం నాకూ అనుభవమే. కేకు కోసిన ఫోటో ఈమెయిల్లో చూసుకున్నాను. కోపం రాలేదంటే అబద్ధం. అయితే ఆ సిస్టమ్ మొదటిరోజు ఆగకుండా నడిచిందని తెలిసినప్పుడు మాత్రం మనసు తేలికపడింది.

"అయితే ఆ ఆంటీ ఓడిపోయినట్టా, గెలిచినట్టా?" అంది మా అమ్మాయి. ఇల్లు వచ్చేసింది, జవాబు తప్పించుకున్నాను.

పిల్లలూ, మీకో పని. మీ టీము గెలిచినప్పుడు దిగిన ఫోటో ఒకటి తీయండి. అందులో లేనివాళ్లెవరో, ఎవరి వల్ల మీరు అక్కడ నిలబడ్డారో, ఆ పేర్లు ఫోటో వెనకాల రాయండి. వచ్చే సంచికలోపు వాళ్లలో ఒకరికైనా ఫోన్ చేయండి.