ఇంకా రాలేదే!

ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్. మామూలుగా అయితే ఏం కూర వండుతున్నావు దగ్గర మొదలవుతుంది. ఆరోజు మాత్రం గొంతు బాగా తగ్గించి, 'చిన్నదానికి యాభై రెండు రోజులైందే. ఇంకా రాలేదు' అంది. పక్క గదిలో బావ ఉన్నట్టున్నాడు.

అక్కకి ఇద్దరూ ఆడపిల్లలే. చిన్నది ఏడో తరగతి. సంక్రాంతికి ముందు పెద్దమనిషి అయింది. ఫంక్షన్ చేశారు, చిమ్మిలి దంచి పెట్టారు, చుట్టాలంతా వచ్చి అక్షింతలు వేసి వెళ్లారు. తర్వాత నెల సరిగ్గానే వచ్చింది. ఆపైన జాడ లేదు. అక్క వాళ్ల అత్తగారు 'చెడు రక్తం లోపలే ఉండిపోతే ఎలా' అంటూ రోజుకో నువ్వులుండ అదనంగా తినిపిస్తున్నారు. ఎదురింటావిడ 'పీసీఓడీ అయ్యుంటుంది, స్కానింగ్ తీయించండి' అని చెప్పి పోయింది. మందుల షాపులో అడిగితే 'ఈ మాత్రలు వేయండి, మూడ్రోజుల్లో వచ్చేస్తుంది' అన్నారట. ఈ మూడింట్లో ఏది చేయాలో తేల్చమని అక్క నన్నడిగింది.

ఏదీ వద్దన్నాను. పత్రికలో పనిచేస్తున్నంత మాత్రాన నేను డాక్టర్ని అయిపోను కాబట్టి, తెలిసిన గైనకాలజిస్టుని కూడా అడిగి మరీ వద్దన్నాను.

నెలసరి రావాలంటే ముందు మెదడు నుంచి కబురు వెళ్లాలి. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, అది అండాశయానికి కబురు అందిస్తాయి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తయారవుతుంది. ఆ హార్మోను తగ్గగానే గర్భసంచి లోపలి పొర రాలిపోతుంది. అదే నెలసరి. పెద్దమనిషి అయిన కొత్తలో ఈ కబుర్లు ఒక వరసలో సాగవు. చాలా నెలల్లో అండమే విడుదల కాదు. అలాంటప్పుడు పొర ఎప్పుడు రాలాలో చెప్పేవాళ్లు లేరన్నమాట. ఒకసారి ఇరవై మూడు రోజులకే వస్తుంది, మరోసారి నలభై దాటినా రాదు. చెడు రక్తం అంటూ ఏదీ లోపల పోగుపడదు. నువ్వులుండ మంచి తిండే, పిల్ల ఇష్టంగా తింటే పెట్టండి. దాన్ని మందులా లెక్కపెట్టి తినిపించక్కర్లేదు.

పెద్దవాళ్లకి ఇరవై ఎనిమిది రోజులని మనకో లెక్క ఉంది కదా. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల దగ్గర ఆ లెక్క కుదరదు. వీళ్లకి 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. మొదటి ఏడాదిలో అయితే ఇంకాస్త అటూ ఇటూ అవుతుంది. మూడో ఏడు వచ్చేసరికి చాలామందికి 21-34 రోజుల్లోకి దారిన పడుతుంది. అక్క కూతురికి అయింది యాభై రెండు. మొదటి ఏడాదే కాబట్టి ఎదురుచూడొచ్చు. మూడు నెలలు, అంటే 90 రోజులు దాటితే మాత్రం ఒక్కసారైనా సరే డాక్టరుకి చూపించాలి.

అసలు చాలా ఇళ్లలో లెక్కపెట్టడం దగ్గరే తేడా వస్తోంది. నెలసరి మొదలైన రోజు నుంచి మళ్లీ మొదలైన రోజు వరకూ లెక్కించాలి. స్నానం చేసిన రోజు నుంచి కాదు. రెండో తారీఖున వచ్చి, మళ్లీ అదే నెల ముప్పయ్యిన వస్తే 'నెలకి రెండుసార్లు అవుతోంది' అని బెంబేలెత్తుతారు. వేళ్లు ముడిచి చూడండి, సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులు!

ఇక స్కానింగ్ సంగతి. ఈ వయసులో అండాశయాల్లో చిన్నచిన్న నీటిబుడగల్లాంటివి చాలా కనబడటం సహజం. అందుకే పీసీఓఎస్ నిర్ధారణకి అంతర్జాతీయ నిపుణులు 2018లో రూపొందించి, 2023లో సవరించిన మార్గదర్శకాలు, రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు పిల్లల్లో స్కానింగ్ చూసి ఆ జబ్బు ఉందని తేల్చొద్దంటున్నాయి. కాగితం మీద నాలుగు అక్షరాలు రాయించుకొచ్చి, పన్నెండేళ్ల పిల్ల ఎదుట 'దీనికి రేపు పిల్లలు పుడతారో లేదో' అనుకునే తల్లులున్నారు. ఆ మాట పిల్ల మనసులో ఎన్నేళ్లుంటుందో! మొహం మీద, గడ్డం కింద వెంట్రుకలు బాగా రావడం, మొటిమలు విపరీతంగా ఉండటం, ఏళ్లు గడిచినా నెలసరి దారిన పడకపోవడం... ఇవి ఉంటే డాక్టరుకి చూపించి పరీక్షలు చేయించాలి. థైరాయిడ్ కూడా చూస్తారు. షాపులో కొన్న మాత్రలతో మూడ్రోజుల్లో వచ్చేది మాత్ర ఆపినందుకు వచ్చిన రక్తస్రావమే తప్ప, శరీరం తన వరస తాను నేర్చుకున్నట్టు కాదు.

ఇదంతా అక్కకి ఫోన్లో చెబితే సరిపోయేది. కానీ ఆ వారం వాళ్ల ఊరు వెళ్లాల్సిన పని పడింది. వెళ్లాక చూశాను, మేమంతా చిన్నదాని చుట్టూ చేరి రోజులు లెక్కపెడుతున్నాం. పెద్దదాన్ని ఎవరం చూడలేదు.

పెద్దది పదో తరగతి. మేడ మీదికి బట్టలు తీసుకెళ్తూ సగం మెట్ల మీద కూలబడింది. ఏమిటే అంటే 'ఆయాసం పిన్నీ' అంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాను. ప్రతిసారీ పదకొండు, పన్నెండు రోజులు అవుతుందట. మొదటి నాలుగు రోజులు గంటన్నరకో ప్యాడ్. స్కూల్లో బెంచీకి మరకవుతుందని రెండేసి పెట్టుకుంటుందట. మీ అమ్మకి చెప్పలేదా అంటే, 'కొత్తలో అందరికీ తేడాగానే ఉంటుందని అమ్మే చెప్పింది కదా పిన్నీ' అంది.

అక్క అబద్ధం చెప్పలేదు. రోజులు అటూ ఇటూ కావడం గురించి చెప్పింది. పిల్ల దాన్ని రక్తస్రావానికి కూడా అన్వయించుకుంది.

నెలసరి ఏడు రోజులు దాటకూడదు. రోజుకి మూడు నుంచి ఆరు ప్యాడ్లు మామూలు. గంటకో రెండు గంటలకో మార్చాల్సి వస్తుంటే, రాత్రి పక్కబట్టలు తడుస్తుంటే, 'వేడి చేసింది' అని మజ్జిగ ఇచ్చి ఊరుకోవద్దు. అండం విడుదల కాని నెలల్లో పొర మందంగా పేరుకుని ఒక్కసారిగా ఎక్కువ పోవచ్చు. కొందరిలో రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో వచ్చిన లోపం మొదటిసారిగా ఇలాగే బయటపడుతుంది. అందుకే డాక్టరు, ముక్కులోంచి రక్తం కారుతుందా, పన్ను పీకించినప్పుడు ఆగకుండా పోయిందా, ఊరికే కమిలిన మచ్చలు వస్తాయా అని పెద్దదాన్ని గుచ్చిగుచ్చి అడిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. మా పెద్దదానికి హిమోగ్లోబిన్ ఏడున్నర. ఉండాల్సింది పన్నెండు.

మరో మాట. డాక్టరు కాసేపు తల్లిని బయట కూర్చోమని పిల్లతో ఒంటరిగా మాట్లాడింది. అక్క చిన్నబుచ్చుకుంది. అందులో తప్పుపట్టాల్సింది లేదు. సక్రమంగా వస్తున్న నెలసరి ఉన్నట్టుండి ఆగిపోయినా, తిండి మానేసినా, హాస్టల్లో ఏదైనా ఇబ్బంది ఉన్నా, ఎవరైనా తప్పుగా ప్రవర్తించినా పిల్లలు అమ్మ ముందు చెప్పలేరు. ఇంటర్ హాస్టళ్లలో చేరగానే నెలసరి గాడి తప్పే పిల్లల్ని చాలామందిని చూస్తున్నానని కూడా ఆవిడ చెప్పింది. నిద్ర చాలదు, టిఫిన్ తినరు, పరీక్షల భయం.

పెద్దదానికి రక్తం గడ్డకట్టే పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. స్రావం తగ్గడానికి మందులు, ఐరన్ మాత్రలు ఇచ్చారు. మూడు నెలలయ్యాక పదిన్నరకి వచ్చింది. ఐరన్ మాత్ర టీతో మింగొద్దని అక్కకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

చిన్నదానికా? అరవై ఒకటో రోజున వచ్చింది. ఆ తర్వాత ముప్పై ఎనిమిదికి, ఆ తర్వాత ఇరవై ఆరుకి. వంటింట్లో క్యాలెండరు మీద అక్క పాలలెక్క రాస్తుంది. ఇప్పుడు ఆ అంకెల పక్కనే రెండు రంగుల చుక్కలు కనిపిస్తున్నాయి. ఎరుపు చిన్నదానివి, నీలం పెద్దదానివి. నీలం చుక్కలు ఎన్ని వరసగా ఉన్నాయో ఈమధ్య బావ కూడా చూస్తున్నాడట.