పాత ఇల్లు కొని అమ్మదలచినవారికి



ఒక సాయంత్రం ప్రార్థన కూడిక ముగిశాక మా సంఘ సభ్యులైన రిటైర్డు మాస్టారు ఒకరు నోటు పుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చారు. "అయ్యగారూ, గుంటూరులో 40 లక్షలకు కొన్న పాత డాబా ఇల్లు బాగు చేయించి 54 లక్షలకు అమ్మాను. 14 లక్షల లాభం ఎటు పోయిందో మీరే చూడండి" అన్నారు. ఆయన పెట్టింది రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము, కుమార్తె పెండ్లికి దాచిన సొమ్ము. చాలని 20 లక్షలు నూటికి రూపాయి వడ్డీకి తెచ్చారు.

ఇద్దరం కూర్చుండి లెక్క వేశాము. స్టాంపులు, రిజిస్ట్రేషను 7.5 శాతం చొప్పున 3 లక్షలు. కొన్నప్పుడు బ్రోకరుకు 40 వేలు, అమ్మినప్పుడు 54 వేలు. మరమ్మతులకు 4 లక్షలనుకుంటే 7 లక్షలైంది. నాలుగు నెలల్లో అమ్ముడు పోతుందనుకున్న ఇల్లు 14 నెలలు పట్టింది. నెలకు 20 వేల చొప్పున వడ్డీ 2 లక్షల 80 వేలు. అన్నీ పోను మిగిలింది 26 వేలు. ఆదాయపు పన్ను ఆ మీదట చూసుకోవలసిందే.

మాస్టారు మోసపోలేదు. ఆయన కొన్న ధర, అమ్మే ధర మాత్రమే లెక్క చూసుకున్నారు. మధ్యలో ఉన్న నెలలను చూడలేదు. గోపురం కట్టేవాని ఉపమానం మనకు కొత్త కాదు గాని, మన ఇంటి విషయంలో మరచిపోతుంటాము. ఈ వ్యాపారంలో లాభం అమ్మేనాడు పుట్టదు, కొనేనాడే పుడుతుంది. అన్ని ఖర్చులు, ఒక ఏడాది వడ్డీ ముందే రాసుకొని, అప్పటికీ మిగులు కనబడితేనే బయానా ఇవ్వాలి.

ఇక కాగితాల సంగతి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈ.సి. తీయించి, అది శుభ్రంగా ఉందని చాలామంది ధైర్యపడతారు. రిజిస్టరైన దస్తావేజులే ఈ.సి.లో కనబడతాయి. రిజిస్టరు కాని వీలునామా, నోటి మాటగా జరిగిన పంపకం అందులో ఉండవు. కనుక లింకు డాక్యుమెంట్లన్నీ వకీలుకు చూపించాలి. తండ్రి ఆస్తిని అన్నదమ్ములు అమ్ముతుంటే అక్కచెల్లెళ్ల సంగతి తప్పక అడగాలి. వీలునామా లేకుండా మరణించిన క్రైస్తవుని ఆస్తిలో కుమారులతో పాటు కుమార్తెలకు సమాన భాగం ఉన్నదని 1925 నాటి భారత వారసత్వ చట్టం చెబుతున్నది. కేవలం జి.పి.ఎ., అగ్రిమెంటు కాగితాలతో యాజమాన్యం మారదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంటిపన్ను, కరెంటు బకాయిలు కూడా చూసుకోవాలి.

ఇంటిని ఎండాకాలంలో చూసి కొనడం మరొక పొరపాటు. మాస్టారు చేసినది అదే. మొదటి వానకే స్లాబు ఉరిసింది. పెచ్చులు ఊడదీస్తే లోపల ఇనుము తుప్పు పట్టి ఉంది. పెరిగిన 3 లక్షలు ఎక్కువ భాగం అక్కడే పోయాయి. బయానాకు ముందే ఇంజనీరుకు ఫీజు ఇచ్చి స్లాబు, గోడల చెమ్మ, చెదలు, వైరింగు, మురుగు గొట్టాలు చూపిస్తే ఆ కొద్ది డబ్బు వృథా కాదు. బాగు చేయించేటప్పుడు మన ముచ్చట తీర్చుకోకూడదు. కొనేవారు ముందు నీళ్లు, గాలి, దారి చూస్తారు. మనకు వాస్తు నమ్మకం లేకపోయినా కొనేవారిలో చాలామందికి ఉంటుంది. అట్టి ఇల్లు ఎక్కువ కాలం నిలిచిపోవచ్చునని లెక్కలో ఉంచుకోవాలి.

పన్ను విషయం ఆడిటరును ముందే అడగండి. కొన్న 24 నెలల లోపల అమ్మితే వచ్చిన లాభం ఆ సంవత్సరపు ఆదాయంలో కలిసి, శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. 24 నెలలు దాటితే, 2024 జూలై 23 నుండి 12.5 శాతం పన్ను. పదే పదే కొని అమ్మితే దానిని వ్యాపారంగానే లెక్కించవచ్చు. ఇంటి బయానా 20 వేలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోరాదన్న నిబంధన 2015 జూన్ 1 నుండి ఉంది. మీరితే పుచ్చుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చును.

చివరగా ఒక మాట. ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు వెనుక గదిలో చెమ్మ ఇంకా మిగిలే ఉంది. "పుట్టీ పెట్టి రంగు వేస్తే వచ్చే వానల దాకా ఎవరికీ తెలియదు" అన్నాడు పెయింటరు. మాస్టారికి వడ్డీ నెత్తి మీద ఉంది, కుమార్తె పెండ్లి ఆగి ఉంది. అయినా కొనవచ్చిన వారిని ఆ గదిలోకి తీసుకువెళ్లి గోడ మీద చేయి పెట్టించి చూపించారు. 55 లక్షలకు కుదిరిన బేరం 54కు దిగింది. చూడగానే తెలియని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. మాస్టారు ఆ చట్టం ఎరుగరు. "ఆ గదిలో వాళ్ల ముసలమ్మ పడుకుంటుందట, అయ్యగారూ" అన్నారు, అంతే.

ఆయన నోటు పుస్తకంలో లక్ష తగ్గిన ఆ ఒక్క పద్దు గురించి మాత్రం మమ్మును ఏమీ అడగలేదు. ఈ పనిలోకి దిగదలచిన వారు పిల్లల పెండ్లికి దాచినది, వడ్డీకి తెచ్చినది ఇందులో పెట్టవద్దని మా మనవి. అవసరం తరుముతున్న వానికి గోడ మీద చెమ్మ చూపించడం చాలా కష్టం. మాస్టారు చూపించగలిగారు. అందరికీ అది సాధ్యం కాకపోవచ్చును.