అసమ్మతి ఎవరి సొత్తు?



అసమ్మతి అనే మాట పేపర్లో రోజూ చూస్తున్నాం. మంత్రి పదవి రానివాడు అలిగితే అసమ్మతి. టికెట్టు దక్కనివాడు పదిమందిని పోగేస్తే అసమ్మతి వర్గం. పదవి చేతిలో పడగానే అదంతా చల్లారిపోద్ది. ఆ మాటకు ఇదేనా అర్థం?

సమ్మతి అంటే ఒప్పుకోవడం. అసమ్మతి అంటే ఒప్పుకోకపోవడం. నలుగురూ ఔనన్నా, అది అన్యాయమని తోచినప్పుడు లేచి నిలబడి కాదని చెప్పడం. అంతే.

మరి మన వాడలో మనిషి కాదంటే ఈ మాట ఎందుకు వాడరు? పొగరంటారు. కొవ్వెక్కిందంటారు. ఊరికి ఎదురు తిరిగాడంటారు. భూస్వామి కాదంటే అభిప్రాయం, మనం కాదంటే నేరం! 1985 జూలై 16న కారంచేడులో మనవాళ్లు అడిగిందేమిటి? తాగే నీళ్లు పాడుచేయొద్దని. మర్నాడు పల్లె మీద పడ్డారు. ఆరుగురు మాదిగలు హతమయ్యారు.

ఇప్పుడు కత్తి దుయ్యకుండానే నోరు మూయించే మాట ఇంకొకటుంది. ఏకగ్రీవం! గ్రీవమంటే మెడ. ఊరంతటికీ ఒకటే మెడ అన్నమాట. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. ‘ఊరికి డబ్బొస్తది, నామినేషన్ వెనక్కి తీసుకోరా’ అని రచ్చబండ దగ్గర ఎవర్ని అడుగుతారు? పెద్దింటివాణ్ణా? కూలికి పోయేవాణ్ణే అడుగుతారు. కాదంటే రేపట్నుంచి పని లేదు, అప్పు పుట్టదు. ఆ భయానికి పెట్టిన ముద్దుపేరే ఏకగ్రీవం.

బాబాసాహెబ్ ఏమన్నారో గుర్తు చేసుకుందాం. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, తనను అడుగడుగునా నిలదీసిన సభ్యులను పేర్లు పెట్టి తలచుకుని కృతజ్ఞత చెప్పారు. అందరూ పార్టీ కట్టుబాటుకు తలూపి ఉంటే సభ చప్పగా ఉండేదన్నారు. కాదన్నవాళ్లను ఆయన శత్రువులనలేదు.

మరి మనమో? ఈ వేలు మనవైపు కూడా తిప్పుకోవాలి. 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా మోగినప్పుడు మనలోనే ఎంతమంది ‘చీలిక’ అనలేదు? 2024 ఆగస్టు 1న ఉపవర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు ఔనన్నారు, ఒక్కరు కాదన్నారు. ఆ ఒక్కరి మాటను చించెయ్యలేదు, తీర్పులోనే పెట్టారు. మన సంఘం మీటింగులో వెనకాల కూర్చున్న అక్క చెయ్యెత్తితే మాత్రం ‘నువ్వు కూర్చోమ్మా, టైమయింది’ అంటాం. ఊరి పెద్ద మనకు చేసిందే మనం ఆమెకు చేస్తున్నాం.

ఎక్కువమంది అన్నంత మాత్రాన న్యాయం కాదు. ఆ లెక్కే నిజమైతే అంటరానితనం ఎన్నో వందల ఏళ్లు న్యాయమే అయ్యుండాలి!

అందుకే రేపటి గ్రామసభలో నచ్చని తీర్మానం వస్తే చేతులు కట్టుకుని ఇంటికి రావొద్దు. ‘మాకు సమ్మతం కాదు, ఆ మాట పుస్తకంలో రాయండి’ అని గట్టిగా అడుగుదాం. రాసేదాకా వేలిముద్ర వెయ్యొద్దు, సంతకం పెట్టొద్దు. మన సంఘం పుస్తకంలోనూ కాదన్నవాళ్ల మాట రాద్దాం.

అసమ్మతి పదవులు దక్కనివాళ్ల సొత్తు కాదు. అది మనది. తిరిగి తెచ్చుకుందాం.

జై భీమ్!