తప్పితే మరో బస్సు లేని చోటు



ఎల్.బి. నగర్ నుండి ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. భర్తది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరు పిల్లలు. అత్తమామలు నల్గొండ జిల్లాలోని ఒక పల్లెలో వ్యవసాయం చేసుకుంటున్నారు. డెబ్బై ఏళ్లు దగ్గరపడినా ఆ పెద్దలు ఇంతవరకు సముద్రం చూడలేదు. అందుచేత వారిని వెంటబెట్టుకొని సంక్రాంతి సెలవులలో అండమాన్ దీవులకు వెళ్లాలని వీరి కోరిక. రెండేళ్లు చిట్టీ కట్టి సొమ్ము కూడబెట్టారు. "ఏ పొరపాటూ జరగకుండా వెళ్లి రావడానికి సలహా చెప్పండి" అని అడిగారు.

దీవుల యాత్రలు ధనవంతులకు గాని మనకెందుకని కొందరు అనవచ్చు. మేము అలా అనము. జీవితమంతా మట్టిలో కష్టపడిన తల్లిదండ్రులకు ఒక్కసారి సముద్రం చూపించాలన్న కోరిక మంచిదే. అయితే ఆ కోరిక వారికి సంతోషంగా ముగుస్తుందా, భారంగా ముగుస్తుందా అనేది దీవిలో కాదు, మన ఇంట్లోనే, టికెట్టు కొనకముందే తేలిపోతుంది.

మనం దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో ఎదుట నిలబడే మనుషులం. ఒక బస్సు తప్పితే వెనుక ఇంకొకటి వస్తుంది. 2018 సెప్టెంబరు నుండి ఎల్.బి. నగర్‌కు మెట్రో రైలు కూడా నడుస్తున్నది. ఒకటి వెళ్లిపోతే కొద్ది నిమిషాల్లో మరొకటి వస్తుంది. రాత్రి ఎంత పొద్దుపోయినా ఎల్.బి. నగర్ చౌరస్తాలో నిలబడితే సూర్యాపేటకో విజయవాడకో ఏదో ఒకటి దొరుకుతుంది. ఈ అలవాటుతోనే మనం దీవి ప్రయాణానికి కూడా లెక్కలు వేస్తాము. పొరపాట్లన్నీ అక్కడే పుడతాయి. అండమాన్‌కు చెన్నై నుండి దాదాపు 1200 కిలోమీటర్ల సముద్రం. ఓడలో అయితే సుమారు 60 గంటలు. అక్కడ తప్పిన దానికి వెనుక మరో బస్సు ఉండదు. గనుక రోజుల్లో, డబ్బులో, ఒంటి శక్తిలో కొంత మిగులు ఉంచుకొని బయలుదేరాలి. మేము చెప్పదలచినది ఇంతే. మిగతాదంతా దీనికి వివరణే.

మొదటి పొరపాటు, పెద్దలను అడగకుండా తేదీ నిర్ణయించడం. సహోదరీ, సంక్రాంతి సమయంలో మీ మామగారి పొలంలో యాసంగి నాట్లు ఉంటాయేమో అడిగారా? నీళ్లు ఎవరు పెడతారు, బర్రెను ఎవరు చూస్తారు అన్న చింత మనసులో ఉంటే ఎదుట ఎంత అందమైన సముద్రం ఉన్నా కంటికి ఆనదు. టికెట్టు కొన్న తరువాత "మీరు రావలసిందే" అంటే వస్తారు గాని సంతోషంతో రారు. ముందుగా పల్లెకు వెళ్లి కూర్చుని మాట్లాడండి.

రెండవది, కాలం ఎంచుకోవడం. బడి సెలవులు గదా అని మనవారు చాలామంది మే నెలను ఎంచుకుంటారు. కాని నైరుతి ఋతుపవనాలు కేరళకంటె ముందుగా తాకేది అండమాన్‌నే. సాధారణంగా మే మూడవ వారం దాటేసరికి అక్కడ వానలు మొదలవుతాయి. మన దగ్గర రోహిణీ కార్తె ఎండలు మండుతున్నప్పుడు అక్కడ గాలివాన. సెప్టెంబరు దాకా ఇదే తీరు. దసరా సెలవుల నాటికి కూడా బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడుతూనే ఉంటాయి. జనవరి నుండి ఏప్రిల్ మధ్య వరకు సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. కాబట్టి సంక్రాంతి అనుకోవడం మంచి ఆలోచనే. పొలం పని అడ్డమైతే ఫిబ్రవరి కూడా మంచిదే. అపొస్తలుడైన పౌలు రోమాకు వెళ్లిన ఓడ ప్రయాణం మనకు తెలిసినదే. ప్రయాణానికి తగిన కాలం దాటిపోయిందని ఆయన హెచ్చరించినా, శతాధిపతి ఓడ యజమాని మాటనే నమ్మాడు. టికెట్లు అమ్మేవారికి అన్ని కాలాలూ మంచివే అని గుర్తుంచుకోండి.

మూడవది, రోజులను బిగించి వేసుకోవడం. ఇక్కడ మా సొంత తప్పును ఒప్పుకోక తప్పదు. కొన్ని సంవత్సరాల క్రితం మేమూ మా అమ్మానాయనలతో వెళ్లాము. ఒక రోజు సెలవు కలిసి వస్తుందని, హావ్‌లాక్ దీవి నుండి ఉదయం పడవలో వచ్చి అదే మధ్యాహ్నం విమానం ఎక్కేటట్లు టికెట్లు తీసుకున్నాము. ఆ ఉదయం గాలి లేచింది. పడవ వెళ్లదన్నారు. మేము రేవులో కూర్చుని ఉండగానే విమానం వెళ్లిపోయింది. మరునాటి టికెట్లకు మేము ఇంటికని దాచుకున్న డబ్బు ఖర్చయింది. దానికంటె పెద్ద సంగతి, నాయనకు బి.పి. గోలీలు రోజులు లెక్కపెట్టి తెచ్చాము. అవి అయిపోయాయి. డాక్టరు చీటీ ఇంట్లోనే ఉన్నది. మందుల దుకాణంలో పేరు అడిగితే ఆయన "తెల్ల గోలీ, పొద్దున ఒకటి" అన్నాడు. ఆయనకు తెలిసినది అంతే. మాకు అది కూడా తెలియదు. కన్నతండ్రి రోజూ ఏ మందు మింగుతున్నాడో తెలియకుండా ఆయనను సముద్రం దాటించామని ఆ రోజు తలవంచుకున్నాము.

ఇలా చిక్కుకోవడం మాకొక్కరికే జరిగినది కాదు. 2016 డిసెంబరు మొదటి భాగంలో వాయుగుండం వచ్చినప్పుడు హావ్‌లాక్, నీల్ దీవులలో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుకుపోయారు. నౌకాదళం, తీరరక్షక దళం ఓడలు పంపి వారిని తీసుకువచ్చాయి. యాత్రాకాలమని చెప్పే డిసెంబరులోనే ఇది జరిగింది. అందుచేత చిన్న దీవుల నుండి తిరిగి వచ్చిన తరువాత ఒక రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో నిద్రచేసి, మరునాడు విమానం ఎక్కండి. ఆ రోజు వృథా కాదు. సెల్యులార్ జైలు చూడవచ్చు. 1906లో పూర్తయిన ఆ జైలు గదుల ముందు నిలబడితే మన పిల్లలకు స్వాతంత్ర్యం విలువ తెలుస్తుంది. ఎదుటనే ఉన్న రాస్ దీవిలో బ్రిటిషువారి పాలనా కేంద్రం ఉండేది. అక్కడ పాడుబడిన చర్చి గోడలను చెట్ల వేళ్లు చుట్టుకొని ఉన్నాయి.

మరొక సంగతి. అండమాన్ మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. గనుక డిసెంబరులో సాయంత్రం అయిదింటికే సూర్యుడు అస్తమిస్తాడు. ఆరింటిదాకా వెలుతురు ఉంటుందని అనుకొని మధ్యాహ్నం నిద్రపోతే ఆ పూట పోయినట్లే. పొద్దున్నే లేచే పల్లె అలవాటు ఉన్న పెద్దలకు ఆ దీవులు బాగా సరిపోతాయి.

నాలుగవది, డబ్బు. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలలో చీర కొన్నప్పుడో, ప్రదర్శన చూడబోయినప్పుడో "పేరు, ఫోన్ నంబరు వ్రాసి డబ్బాలో వేయండి" అంటారు. వారం తరువాత "మీకు ఉచితంగా దీవుల యాత్ర వచ్చింది, భార్యాభర్తలిద్దరూ రండి" అని ఫోను వస్తుంది. మాకు తెలిసిన ఒక కుటుంబం అలా వెళ్లింది. చల్లని హాలులో టీ ఇచ్చి, కానుక ఇచ్చి, రెండు గంటలు మాట్లాడి, "ఈ రోజే సభ్యత్వం కడితే సగం ధర" అన్నారు. లేచి రావడానికి మొహమాటపడి కార్డు గీశారు. తరువాత వారు అడిగిన ప్రతి సెలవులోనూ గదులు నిండిపోయాయన్న జవాబే వచ్చింది. మొహమాటానికి కట్టిన సొమ్ము అది. ఉచితమని పిలిచి ఈ రోజే కట్టమన్నచోట లేచి రావడం అమర్యాద కాదు. "ఇంట్లో పెద్దలను అడిగి చెబుతాము" అన్న ఒక్క మాట చాలు.

ట్రావెల్సు వారి ప్యాకేజీ తీసుకుంటే, అందులో ఏమున్నదో కాదు, ఏమి లేదో వ్రాయించుకోండి. దీవుల మధ్య పడవ చార్జీ ఉన్నదా? భోజనం మూడు పూటలా, ఉదయం టిఫిను మాత్రమేనా? మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి కింది అంతస్తులో గది ఇస్తారా? పేర్ల విషయంలో కూడా జాగ్రత్త. 2018 డిసెంబరులో హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీపమని, నీల్‌కు షహీద్ ద్వీపమని, రాస్‌కు నేతాజీ పేరు పెట్టారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురంగా మార్చారు. పాత పేరు ఒకచోట, కొత్త పేరు ఒకచోట చూసి రెండు వేరువేరు దీవులని పొరబడవద్దు. చిట్టీ సొమ్ములో నాలుగోవంతు ముట్టకుండా పక్కన పెట్టండి. చిన్న దీవులలో ఫోను సిగ్నలు అన్నిచోట్లా నమ్మదగినది కాదు గనుక కొంత నగదు చేతిలో ఉంచుకోండి. ఇవన్నీ పోగా చాలకపోతే నీల్ దీవిని వదులుకోండి గాని అప్పు చేయవద్దు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకోవాలని ప్రభువు చెప్పిన మాట దీనికీ వర్తిస్తుంది.

అయిదవది, నీటి దగ్గర మొహమాటం. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఒక యాత్రికుల పడవ మునిగి ఇరవైమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది తమిళనాడు నుండి వచ్చినవారు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న పడవ అది. జనం కిక్కిరిసి ఉంటే ఎక్కకండి. లైఫ్ జాకెట్టు అడిగి తీసుకొని, పెద్దలకు మీరే కట్టండి. మొసళ్లున్నాయని బోర్డు పెట్టినచోట మోకాలి లోతు కూడా దిగవద్దు. ఆ నీళ్లలో ఉప్పునీటి మొసళ్లు నిజంగానే ఉన్నాయి. సముద్రం అడుగుకు తీసుకువెళ్లే స్కూబా డైవింగ్ బి.పి., ఉబ్బసం ఉన్నవారు డాక్టరును అడగకుండా చేయరాదు. చేసినవారు కనీసం 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కరాదు.

ఆరవది, పోకూడని చోటికి ఆశపడటం. కార్ నికోబార్‌లో దాదాపు అందరూ క్రైస్తవులే. వారి భాషలోకి క్రొత్త నిబంధనను తర్జుమా చేసిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆ దీవివారే. ఆ సంఘాన్ని చూడాలని మనవారికి అనిపించడం సహజం. కాని నికోబార్ దీవులు యాత్రికులకు తెరచినవి కావు. ఆదివాసుల రక్షణ కొరకు 1956 నుండి చట్టం ఉన్నది. జారవాల అడవి గుండా పోయే రోడ్డులో ఫోటో తీయడం, తినుబండారాలు విసరడం నేరం. 2018 నవంబరులో సువార్త చెప్పాలని ఒక అమెరికా యువకుడు చట్టాన్ని దాటి ఉత్తర సెంటినెల్ దీవిలో దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతనిని తీసుకువెళ్లిన జాలరులు అరెస్టయ్యారు. బయటి రోగాలను తట్టుకునే శక్తి లేని ఆ కొద్దిమందికి మన జలుబే మరణం కావచ్చును. ప్రేమించడమంటే కొన్నిసార్లు దూరంగా ఉండటమే. అలాగే పగడపు ముక్కలు, గవ్వలు తీరం నుండి ఏరి సంచిలో వేసుకోవద్దు. పిల్లలకు ముందే చెప్పండి. విమానాశ్రయంలో తనిఖీ చేస్తారు.

ఇక మా కథలో మిగిలిన భాగం. ఆ సాయంత్రం రేవు దగ్గర మా మాటలు విని ఒక ఆటో డ్రైవరు "మీరు తెలుగువాళ్లా?" అన్నాడు. అతని తాతలు శ్రీకాకుళం నుండి వచ్చినవారట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో వందకు సుమారు 13 మంది మాతృభాష తెలుగే. అతడు నాయనను ఆసుపత్రికి తీసుకువెళ్లి బి.పి. చూపించి, మందు వ్రాయించి, ఇంటికి పిలిచి అన్నం పెట్టాడు. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన పౌలు బృందానికి మెలితే ద్వీపవాసులు వానలో, చలిలో నిప్పు రాజేసి ఆదరించిన సంగతి మాకు ఆ రాత్రి అర్థమైంది. నాయన ఇప్పటికీ సముద్రం గురించి తక్కువ చెబుతాడు. ఆ ఇంటి చేపల పులుసు గురించి ఎక్కువ చెబుతాడు.

సహోదరీ, ముందు మామగారిని అడగండి. తరువాత తేదీ, తరువాత లెక్క, చివర టికెట్టు. అత్తమామల మందులు ఉండవలసిన రోజులకు రెట్టింపు తీసుకొని, సగం మీ చేతిసంచిలో ఉంచండి. డాక్టరు చీటీ నకలు, అందరి గుర్తింపు కార్డులు వెంట ఉండాలి. చూడవలసిన చోట్లలో రెండు తగ్గించుకోండి. ఆ మిగిలిన పూట పెద్దలిద్దరినీ ఒడ్డున కూర్చోబెట్టి, అలల్లో పాదాలు తడుపుకోనివ్వండి. వారు వచ్చినది దానికొరకే.

క్షేమంగా వెళ్లి రండి. వచ్చాక ఆ పెద్దలు ఏమన్నారో మాకు వ్రాయండి.